పేరు గడి

ఇవాళ పొద్దున ఆఫీసు తెరిచి, ఫ్యాను వేసి, కంప్యూటర్ ముందు కూర్చుని నేను చేసిన మొదటి పని ఆయన పేరున్న వరసని సభ్యుల లిస్టులోంచి తీసేయడం. సభ్యుడు పోతే ఆ రోజే తీసేయాలని రూలు పెట్టింది ఆయనే. సంతాపసభ అయ్యేదాకా ఆగమని అధ్యక్షుడు గారు అన్నారు కాబట్టి ఆగాను. తీసేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. నిన్న సభలో ప్రతివాడూ ఆయన్ని మహానుభావుడన్నాడు. అనుకోనివ్వండి. నేను ఏళ్ళ తరబడి ఆయన పక్క టేబుల్ దగ్గర కూర్చున్నాను. నాకు తెలిసిన మనిషి వేరు.

మాది మిర్చి, పత్తి రైతుల సంఘం. గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే దారిలో ఒక మేడ మీద ఆఫీసు. ఎండాకాలం వస్తే మెట్లెక్కేలోపే తుమ్ములు మొదలవుతాయి. నేను కంప్యూటర్ ఆపరేటర్ని, ఆయన కార్యదర్శి. రిటైరైన లెక్కల మాస్టారు. సభ్యుల్లో చాలామంది చిన్నప్పుడు ఆయన చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే. అందుకని మీసాలు నెరిసినవాళ్ళు కూడా ఆయన గది ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. ఆయన కూర్చోమనేవాడు కాదు, వాళ్ళు కూర్చునేవాళ్ళూ కాదు.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా, ఈ మెయిళ్ళ గోల ఎందుకని కొత్తగా చేరినవాళ్ళు అడిగేవాళ్ళు. “గ్రూపులో అందరూ మాట్లాడతారు. మెయిల్లో నేను మాట్లాడతాను, మీరు వింటారు,” అనేవాడు. సరదాకి అన్న మాట కాదది. పురుగు ఉధృతి, వాన కబురు, శిక్షణ తరగతులు, సర్వసభ్య సమావేశం, ఏదైనా సరే ఆయన మెయిల్ పంపితేనే సంఘానికి తెలిసినట్టు.

పని మాత్రం వచ్చు. అది నేను కాదనను. మొదట్లో సగం మంది రైతులు తమ మెయిల్ అని చెప్పి ఊళ్ళో నెట్ సెంటర్ వాడి మెయిల్ రాయించారు. ఆ మెయిళ్ళు ఎవరు చూస్తారు? ఆయన స్కూటరేసుకుని పర్చూరు నుంచి పొదిలి దాకా ఊరూరా తిరిగాడు. ఒక్కొక్కడి ఇంటి అరుగు మీద కూర్చుని, వాడి ఫోన్లోనే వాడి పేరున మెయిల్ తెరిపించాడు. “పాస్‌వర్డు నీ పెళ్ళాం పేరు పెట్టుకో. నువ్వు మర్చిపోయినా ఆవిడ మర్చిపోనివ్వదు,” అనేవాడు. ఎవడైనా నంబరు మారిస్తే వారం తిరక్కుండా మా లిస్టులో మారిపోయేది. మిర్చి తోటల మీద తామర పురుగు విరుచుకుపడిన ఏడు, మా మెయిల్ చూసి ముందుగా జాగ్రత్తపడినవాళ్ళ పూత నిలిచింది. ఆ మాట వాళ్ళే చెబుతారు.

నెలకోసారి అందరికీ ఒక్క ముక్క మెయిల్ వెళ్ళేది: “అందిందా?” అందినవాడు అందిందని రాయాలి. వెనక్కి తిరిగొచ్చిన మెయిళ్ళ చీటీ నేను ఆయన ముందు పెట్టేదాన్ని. అప్పుడాయన కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తాపీగా తుడుచుకునేవాడు. కళ్ళజోడు తుడుస్తున్నాడంటే ఎవడికో మూడిందన్నమాట. నేను ఆఫీసు ఫోన్లో నంబరు కలిపేదాన్ని.

“ఏమ్మా, మీ ఆయన బౌన్స్ అయ్యాడు,” అనేవాడు ఎత్తుకోగానే.

అవతల ఆడమనిషి గొంతు. “ఏందండీ?”

“మెయిల్ వెనక్కొచ్చింది. ఎక్కడున్నాడు?”

“ఆయన దసరాకి పోయాడండీ.”

“పోతే చెప్పొద్దా? అప్పట్నుంచీ పంపుతానే ఉన్నాను. చచ్చినవాడికి మెయిళ్ళు పంపేంత పనిలేనివాణ్ణి అనుకున్నావా?”

ఆ మనిషి ఏడుస్తుంటే ఫోను పెట్టేసి, “ఒక బౌన్స్ తగ్గింది, రాసుకో,” అనేవాడు నాతో.

ఇక పేర్ల సంగతి. మా వైపు పేర్లకి కరువు. శ్రీనివాసరావులు కోకొల్లలు, వెంకటేశ్వర్లకి లెక్కలేదు, మస్తాన్‌లు రెండు మతాల్లోనూ ఉన్నారు. ఇంటిపేరు రాస్తే తేలిపోయేది. ఆయన రాయనిచ్చేవాడు కాదు. “ఇంటిపేరు రాస్తే కులం కనపడుతుంది. నేను కులం చూసే మనిషిని కాదు,” అని నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. కులం చూడని ఆ పెద్దమనిషి మరేం చూశాడంటే, మనిషిలో లోటు చూశాడు. లిస్టులో పేరు గడిలో ఇలా ఉండేవి: నత్తి వెంకటేశ్వర్లు. గట్టు జరిపిన రామారావు. రెండిళ్ళ మస్తాన్‌వలి. ఇల్లరికం ఆంజనేయులు. ఇవేమీ ఆయన పుట్టించినవి కావు. ఆయా ఊళ్ళలో ఆ మనిషి వెనకాల అందరూ అనుకునేవే. అరుగుల మీద కూర్చున్నప్పుడు అడిగి మరీ పోగుచేసుకొచ్చాడు. వెనక అనుకునే మాట వేరు, గడిలో పెట్టి దాచుకునే మాట వేరు.

“సార్, ఈ మాటలకి పక్కన ఇంకో గడి పెడదామండీ. పేరు గడిలో పేరే ఉంచుదాం,” అన్నాను చేరిన కొత్తలో.

“ఒక మనిషికి రెండు గడులెందుకమ్మాయ్?” అన్నాడు.

ఆయన ఫోన్లో నా నంబరు ఏ పేరుతో ఉండేదో కూడా చెప్పేస్తాను. ఒకసారి ఆయన ఫోను టేబుల్ మీద కాగితాల్లో ఎక్కడో వదిలి బయటికి వెళితే, ఎక్కడుందో చూద్దామని మోగించాను. ‘మొగుడొదిలేసిన కంప్యూటర్’ అని వెలిగింది. నా భర్త వెళ్ళిపోయిన మాట నిజమే. నేను కంప్యూటర్ మీద పనిచేసే మాటా నిజమే. ఆయన ఎప్పుడూ అబద్ధం రాయలేదు.

శ్రీనివాసరావుల్లో ఒకాయన పర్చూరు దగ్గరి పల్లెలో ఉంటాడు. లిస్టులో ఆయన పేరు పురుగుమందు శ్రీనివాసరావు. చాలా ఏళ్ళ కిందట పత్తి నిలువునా పోయిన ఏడాది ఆయన చేలోనే పురుగుమందు తాగాడు. ఎవరో చూసి మోసుకొచ్చి గుంటూరు ఆస్పత్రిలో పడేస్తే బతికాడు. గొంతు మాత్రం గీసుకుపోయింది. మాట్లాడితే ఎండుటాకు మీద నడిచినట్టుంటుంది. “అందిందా?” అన్న మెయిల్‌కి ఒక్క ముక్కతో సరిపెట్టని సభ్యుడు ఆయనొక్కడే. అందిందండి, నిన్న మాకు జల్లు పడింది, పూత బాగుంది, మీరంతా కులాసా అని తలుస్తాను, అని రాసేవాడు. నాకు ఆ మెయిళ్ళంటే ఇష్టం.

ఒకసారి ఇలా రాశాడు: అందిందండి, ఈరోజు మందు డబ్బా నేనే తెచ్చుకున్నాను.

“ఇదేం కబురు? అందరూ తెచ్చుకునేదేగా,” అని నవ్వాడు మా కార్యదర్శి. నాకూ అర్థం కాలేదు. ఏదో వివరం అడిగే వంకన ఫోన్ చేశాను. అప్పుడు చెప్పాడు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పటినుంచీ వాళ్ళ ఊరి పురుగుమందుల కొట్లో ఆయన చేతికి డబ్బా ఇవ్వరు. అక్కయ్యని పంపు బావా, అంటాడు కొట్టాయన. ఆయన భార్య వెళ్ళి తేవాలి. ఆయన కొట్టు మెట్టెక్కితే లోపలున్నవాళ్ళంతా మాట ఆపేస్తారు. భార్యకి జ్వరమొచ్చినప్పుడు మందు ఆలస్యమై పంట దెబ్బతిన్నది కూడాను. అలాంటిది ఆ రోజు కొట్టాయన ఏమీ అడక్కుండా డబ్బా తీసి బల్ల మీద ఆయన వైపు జరిపాడట.

“చేత్తో పట్టుకుని ఊరి మధ్యనించి నడిచొచ్చానమ్మా,” అన్నాడు. ఎవరికైనా పట్టం కడితే అలా చెప్పుకుంటారేమో.

ఆ తర్వాతి పంటకాలం మొదట్లో నేను మా పిన్ని కూతురి పెళ్ళికి కొత్తపట్నం వెళ్ళాను. అది ఏటా సభ్యుల వివరాలు సరిచూసే సమయం. నేనైతే పేరు గడి తీసేసి, ఎవరి వరస వాళ్ళకే విడిగా పంపేదాన్ని. నా పద్ధతి నత్తనడకని ఆయనకి చిరాకు. నేను లేనప్పుడు తనే కూర్చుని, లిస్టు మొత్తాన్ని ఉన్నదున్నట్టు జతచేసి, అందరికీ ఒకేసారి పంపేశాడు. ‘మీ వివరాలు సరిచూసుకుని, తప్పులుంటే తెలియజేయగలరు.’

నేను తిరిగొచ్చేసరికి ఆఫీసు ఫోను ఆగకుండా మోగుతోంది. మెయిళ్ళు వరదలా వచ్చి పడుతున్నాయి. నా ఫోన్ నంబరు సరిగానే ఉంది గానీ గట్టు నేను జరపలేదు, కోర్టు కూడా అదే చెప్పింది, అని రామారావు. నేను ఇల్లరికం కాదు, మా మామగారే మా ఇంట్లో ఉంటున్నారు, అని ఆంజనేయులు. నాది తప్పు, కానీ మస్తాన్‌వలిది కరెక్టే, అని ఇంకొకాయన. మస్తాన్‌వలి రాయలేదు. ఆయన పెద్ద భార్య నేరుగా ఆఫీసుకొచ్చి, రెండో ఇల్లు ఏ వీధిలో ఉందో ఆ వివరం కూడా రాసుకున్నారా అని అడిగింది. నేను లేదమ్మా అంటే నమ్మలేదు.

పొరపాటున పంపాడని అందరూ సర్దిచెప్పారు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. పొరపాటు చేశానని ఒప్పుకోవడం ఆయన ఒంటికి పడదు. “ఎప్పుడైనా ఇంతమంది జవాబు రాశారా? లిస్టు ఇంత పక్కాగా ఎప్పుడైనా ఉందా?” అని మురిసిపోయాడు. ఎవరి ఫోన్ నంబరు మారిందో చూసి వరసగా సరిచేయించాడు, మిగతా మాటల జోలికి పోలేదు. కావాలనే పంపాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కాదనుకుంటాను. ఆ గడిని అన్నేళ్ళు చూసీ చూసీ అవి తిట్లన్న సంగతే మర్చిపోయాడు. ఆయనకి అవి వాళ్ళ పేర్లే.

ఆ గొడవలో శ్రీనివాసరావు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఉతికిన చొక్కాలో, చేతులు కట్టుకుని ఆయన టేబుల్ ముందు నిలబడ్డాడు.

“సార్, కొట్లో మళ్ళీ ఇవ్వటంలేదండి.”

“ఏం ఇవ్వటంలేదు?”

“డబ్బా. ఆ కొట్టాయనా మన మెంబరే గదండీ. లిస్టు ఆయన ఫోన్లోనే ఉంది. పాతదంతా మళ్ళీ తలకెక్కింది ఆయనకి. అక్కయ్యని పంపు బావా అన్నాడు.”

మా కార్యదర్శి కళ్ళజోడు తీశాడు. పంచె కొంగు అందుకున్నాడు.

“నేనేం చెయ్యాలయ్యా? నువ్వు తాగింది అబద్ధమా?”

“నిజమేనండి.”

“మరింకేం?”

“ఊరి పేరు రాయండి సార్.”

“మీ ఊళ్ళో ముగ్గురు శ్రీనివాసరావులున్నారు.”

“మా నాయన పేరు రాయండి. కోటయ్య.”

“మీ నాయన పేరు నాకెందుకు గుర్తుంటుందయ్యా? నువ్వు తాగింది గుర్తుంటుంది. గుర్తుండేదే పేరు.”

“సార్, ఇక చాల్లెండి,” అన్నాను నేను. గట్టిగానే అన్నాను.

“నువ్వు టైపు చేసుకో అమ్మాయ్.”

శ్రీనివాసరావు కట్టుకున్న చేతులు విప్పాడు. “అయితే నన్ను లిస్టులోంచి తీసేయండి సార్. మెయిల్ వద్దు నాకు.”

“బతికున్నవాణ్ణి తీసే పద్ధతి లేదిక్కడ. పోతేనే తీస్తాను,” అన్నాడు కళ్ళజోడు పెట్టుకుంటూ. “నువ్వు ఒకసారి ప్రయత్నం చేసినవాడివేగా.”

అని నవ్వాడు. క్లాసులో ఒకణ్ణి నిలబెట్టి మిగతావాళ్ళని నవ్వించే మాస్టారి నవ్వు. అక్కడ నవ్వడానికి నేను తప్ప ఎవరూ లేరు. శ్రీనివాసరావు దండం పెట్టి, వస్తానండి అని వెళ్ళిపోయాడు.

నాకు భయమేసింది. వెంటనే మెట్లు దిగాను. ఆయన కింద మెట్టు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. నా మొహం చూసి ఆయనకే అర్థమైంది.

“మళ్ళీ ఆ పని చెయ్యనమ్మా. ఆ దిగులు మీరు పెట్టుకోమాకండి,” అన్నాడు. “మా ఇంటిది ఇప్పటికీ నిద్రలో లేచి నా ఊపిరి చూసుకుంటది. నేనేమీ అననమ్మా. దాని భయం దానిది. కొట్లో డబ్బా నా చేతికిస్తే నాకు చాలు. ఇంకేం అక్కర్లేదు.”

ఆ రోజు నేను మా కార్యదర్శి చావాలని కోరుకున్నాను. మనసారా కోరుకున్నాను. దాచుకోవడం దేనికి?

అంత జరిగాక ఆయన్ని దించేస్తారనుకున్నాను. సర్వసభ్య సమావేశంలో మళ్ళీ ఆయన్నే ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. పేరు ప్రతిపాదించింది రామారావు, బలపరిచింది ఆంజనేయులు. స్కూటరేసుకుని ఊరూరా తిరిగే ఓపిక ఎవడికుంది? తనని తిట్టినవాడి చేతే పని చేయించుకోవడం వాళ్ళకేమీ కష్టమనిపించలేదు. ఆయన దండ మెడలో వేసుకుని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఈ ఏడు ఆయనకి గుండె జబ్బు వచ్చి ఆఫీసుకు రావడం మానేశాక, ఎవర్నీ అడక్కుండా ఆ గడి మొత్తం నేను శుభ్రం చేశాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తండ్రి పేరు కనుక్కుని, పక్కన ఇంకో గడి తెరిచి అందులో రాశాను. కొందరు ఎందుకమ్మా ఇప్పుడు అన్నారు. చేసి చూసుకుంటే తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి నిన్న సాయంత్రం దాకా ఉంది.

నిన్న సంతాపసభకి కుర్చీలు చాలలేదు. ఆయన లిస్టు అంత పక్కాగా ఉంది మరి, ఒక్క మెయిల్ కూడా వెనక్కి రాలేదు. వేదిక మీద ఆయన ఫొటో, దానికి చామంతి దండ. మమ్మల్ని పేరుపేరునా ఎరిగిన మనిషి అన్నాడు రామారావు. నాకు లేచి అరవాలనిపించింది. మాట్లాడేవాళ్ళ పేర్లు నేనే టైపు చేసి అధ్యక్షుడు గారి చేతికిచ్చాను. ఆయన మెత్తని మనిషి, చీమకి కూడా హాని చెయ్యడు.

“తర్వాత కోటయ్య గారి అబ్బాయి శ్రీనివాసరావు గారు,” అని చదివాడు.

స్తంభం పక్కన శ్రీనివాసరావు లేచి నిలబడ్డాడు. అధ్యక్షుడు అటూ ఇటూ చూశాడు. “ఎవరండీ? ఏ శ్రీనివాసరావు?” జనం తలలు తిప్పి చూశారు. మిగతా శ్రీనివాసరావులు నువ్వా అంటే నువ్వా అని ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన నిలబడే ఉన్నాడు. నేనేనండీ అంటున్నాడు, ఆ గొంతు అంతదూరం రాదు. నేను వేదిక పక్కనుంచి చెయ్యి చూపిస్తూనే ఉన్నాను.

వెనకనుంచి ఎవరో కేకేశారు. “పురుగుమందు శ్రీనివాసరావండీ!”

“ఆఁ, మనోడేనా! అట్టా చెప్పరేం మరి?” అన్నాడు అధ్యక్షుడు మైకులోనే. “పురుగుమందు శ్రీనివాసరావు గారూ, రండి రండి.”

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన వచ్చి మైకు పట్టుకుని, సార్ నాకు మెయిల్ నేర్పారు, ఆయన ఆత్మకి శాంతి కలగాలి అని చెప్పి, వెళ్ళి కూర్చున్నాడు.

సభ అయ్యాక నాకోసం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మిర్చికి తామర పురుగు తగిలింది, రేపటికల్లా మందు కొట్టకపోతే పూత నిలవదన్నాడు. “ఊళ్ళో అయితే ఇంటిది రావాలి. గుంటూర్లో నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేరుగా అమ్మా. మంచి కొట్టు చూపించండి, నేనే తీసుకుంటాను.” నేను బస్సెక్కే దారిలో పెద్ద కొట్టు ఒకటుంది. తీసుకెళ్ళాను. దారంతా ఆయన హుషారుగా పంట గురించి చెబుతూనే ఉన్నాడు.

బల్ల వెనకాయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. సభలోంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, అక్కడ పెట్టుకున్న నల్ల బ్యాడ్జీ ఇంకా చొక్కాకే ఉంది.

“రండి శ్రీనివాసరావు గారూ, కూర్చోండి. టీ చెప్తాను,” అన్నాడు ఎంతో మర్యాదగా. ఏ మందు కావాలో విన్నాడు. డబ్బా తీశాడు, దుమ్ము తుడిచాడు, తన వైపే ఉంచుకున్నాడు. “ఏమీ అనుకోకండి. ఇంట్లో అమ్మగారికి ఒకసారి ఫోన్ కలపండి. ఒక్క మాట అడిగి ఇచ్చేస్తాను.”

ఆయన్ని నేనేమనను? మంచివాడే. భయపడ్డాడు.

శ్రీనివాసరావు నా వైపు చూడలేదు. కండువాతో చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు. అవతల భార్య ఎత్తగానే ఫోనుని బల్ల మీదుగా ముందుకు చాపాడు.

“ఇదుగో, ఈయనకి చెప్పు,” అన్నాడు ఆ గీసుకుపోయిన గొంతుతో. “నాకు ఇవ్వొచ్చని చెప్పు.”